జలగడుగువారి బంగారం

బాసర వద్ద గోదావరిలో ఇసుకకు కొదవ లేదు. వేసవిలో నది సన్నగిల్లినపుడు ఒక పళ్లెంలో రెండు దోసిళ్ల ఇసుక తీసికొని, నీళ్లు పోసి, గుండ్రంగా త్రిప్పుతూ ఆ నీటిని కొద్దికొద్దిగా వంచివేస్తే తెల్లని ఇసుక నీటితో కొట్టుకొనిపోతుంది. చివరకు పళ్లెం అంచున నల్లని గీతవలె కొంత రజను మిగులుతుంది. దాని దగ్గరకు అయస్కాంతం తెస్తే ఆ నల్లని రేణువులు చాలవరకు ఎగసి అంటుకొంటాయి. అది మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం. బంగారు రేణువు కోసం ఎంత వెదకినా కన్నులు కాయలు కాయవలసినదే.

ఎందుకు లేదన్న ప్రశ్నకు జవాబు నది నడిచి వచ్చిన దారిలో ఉన్నది. త్ర్యంబకం నుండి నాందేడ్ దాటి వచ్చేవరకు గోదావరి నడక దాదాపు అంతా నల్లరాతి నేలమీదనే. సుమారు 6 కోట్ల 60 లక్షల ఏండ్ల క్రిందట భూగర్భం నుండి పొంగి, పొరలు పొరలుగా పరచుకొని గట్టిపడిన లావా అది. అందులో ఇనుము మెండు. ఏరుకోదగిన బంగారం లేదు. బాసరకు కొంచెం ఎగువన కందకుర్తి వద్ద వచ్చి కలిసే మంజీర తన చివరి దారిలో గ్రానైటు నేలను కోసుకొంటూ వస్తుంది కాబట్టి తెల్లని ఇసుకను తెచ్చి పోస్తుంది. దక్షిణ దేశపు బంగారం ఈ రెండు రాళ్లలోనూ గాక, ధార్వారు శిలలని పేరుపొందిన అతి ప్రాచీనమైన పలకరాళ్లలో పుట్టినది. వాటి వయస్సు 250 కోట్ల ఏండ్లకు పైమాట. కోలారు, రాయచూరు జిల్లాలోని హట్టి, పాత అనంతపురం జిల్లాలోని రామగిరి, కర్నూలు జిల్లాలోని జొన్నగిరి, మన గద్వాల ప్రాంతం ఆ శిలల వరుసలమీద ఉన్నవే.

పళ్లెంలో మిగిలిన నల్లరజనును మాత్రం తేలికగా చూడరాదు. నిర్మల్ కొండలలో దిండుర్తి దగ్గర రాతిలో నలిగిపోయి ఉన్న ఇటువంటి ఇనుప రేణువులనే పూర్వం నీటితో కడిగి వేరుచేసేవారు. ఆ ఇనుముతో కోనసముద్రంలో మూసలలో కరగించిన ఉక్కును కొనడానికి పారశీక వర్తకులు అంతదూరం నుండి వచ్చేవారు. ఆ చిన్న గనులవారిని ఏ చట్టమూ తరిమివేయలేదు. కార్ఖానాలలో టన్నుల కొలది చౌకగా తయారైన ఇనుము వచ్చి వారి కొలుములను చల్లార్చినది.

బంగారం విషయం అట్లా కాలేదు. ఎంత పెద్ద యంత్రాలు వచ్చినా పళ్లెం పట్టి బంగారం కడిగేవాడు పోలేదు సరిగదా, ధర పెరిగినకొద్దీ ఎక్కువైనాడు. నేడు డెబ్బైకి పైగా దేశాలలో కోటి నుండి రెండు కోట్ల మంది చిన్న ఎత్తున బంగారం త్రవ్వి బ్రతుకుతున్నారని అంచనా. అందులో 40 నుండి 50 లక్షల మంది స్త్రీలు, పిల్లలు. ప్రపంచంలో ఏటా గనులనుండి వచ్చే బంగారంలో ఇంచుమించు ఆరవ వంతు వీరి చేతులమీదుగానే వస్తుంది. వీరిలో ఎక్కువమందికి తాము నిలుచున్న నేలమీద చట్టరీత్యా ఏ హక్కూ లేదు. వీరిని ఏమి చేయాలి? నిషేధించడమా, చేయూతనిచ్చి దారికి తేవడమా? ఇది రెండువందల ఏండ్లుగా ప్రభుత్వాలను వేధిస్తున్న ప్రశ్న.

పళ్లెం చేసే పని

ఇసుకను కడిగి బంగారు రజను తీసేవారిని తెలుగులో జలగడుగువారు అనేవారు. కంసాలి దుకాణం ముంగిట ఊడ్చిన దుమ్మును కడిగి, అందులో రాలిన పొడిని రాబట్టేవారికి కూడ ఈ పేరే చెల్లినది. ఇద్దరు చేసే పనీ ఒక్కటే. రెండింటికీ ఆధారం సాంద్రత.

నీటికంటె బంగారం 19.3 రెట్లు బరువు. ఇసుకలోని పలుగురాయి 2.65 రెట్లే బరువు. కాబట్టి ఒకే పరిమాణంగల రెండు రేణువులను తీసికొంటే బంగారు రేణువు ఏడు రెట్లు బరువు తూగుతుంది. ఇది గాలిలో మాట. నీటిలో మునిగిన వస్తువు, తాను తొలగించిన నీటి బరువంత బరువును కోల్పోతుందని ఆర్కిమిడీస్ సూత్రం తెలిసిన విద్యార్థి ఇక్కడ ఒక చిన్న లెక్క వేయవచ్చు. 19.3 నుండి 1 తీసివేస్తే 18.3, 2.65 నుండి 1 తీసివేస్తే 1.65. మొదటిదానిని రెండవదానితో భాగిస్తే 11 వస్తుంది. అంటే ఏడు రెట్లున్న తేడా నీటిలో పదకొండు రెట్లయినది! జలగడుగువాడు ఈ లెక్క ఎరుగడు. కాని నీరు లేకుండ పని సాగదని అతనికి తెలుసు.

మాగ్నటైట్ సాంద్రత 5.2. పలుగురాతికంటె ఎక్కువ, బంగారం కంటె చాల తక్కువ. అందుచేత బంగారమున్న చోట కూడ పళ్లెంలో కడపట మిగిలేది నల్లరజనే. దాని అడుగున బంగారం దాగి ఉంటుంది. పెద్ద రేణువులైతే వ్రేలితో ఏరుకోవచ్చు. అసలు చిక్కు పిండివంటి రేణువులతో. అవి పలుచని రేకులుగా ఉండి నీటిమీద తేలిపోతాయి. నల్లరజనును విడిచి రావు. దినమంతా వంగి పనిచేసినవాని కూలి ఆ పిండిలోనే ఉంటుంది. దానిని పట్టుకొనడానికే పాదరసం కావలసివచ్చినది.

పాదరసం

రసవాదులు పాదరసాన్ని బంగారంగా మార్చాలని జన్మలు వెచ్చించారు. అది సాధ్యం కాలేదుగాని, పాదరసం బంగారాన్ని పట్టుకొంటుందన్న సంగతి మాత్రం ప్రాచీనులకు బాగుగా తెలుసు. దేవాలయ కలశాలకు బంగారుపూత పూసే పాత పద్ధతి దీనిమీదనే ఆధారపడినది. పాదరసం ఇసుకను తడపదు; బంగారాన్ని తడుపుతుంది. నల్లరజనులో కొన్ని చుక్కలు వేసి చేతితో మర్దిస్తే బంగారు రేణువులన్నీ దానిలో చేరి, వెన్నముద్దవంటి రసమిశ్రమం తయారవుతుంది. దానిని గుడ్డలో వేసి పిండితే మిగులు పాదరసం కారిపోతుంది. చేతిలో మిగిలిన తెల్లని ఉండలో సుమారు సగం బంగారం, సగం పాదరసం. ఆ ఉండను నిప్పులమీద పెడితే 357 డిగ్రీల వద్ద పాదరసం ఆవిరియై పోతుంది. బంగారం కరగాలంటే 1064 డిగ్రీలు కావలె గనుక అది కదలక గుల్లగా నిలుస్తుంది. ఇంతకంటె సుళువైన పని లేదు. పాదరసం చౌక, ఒక్కడే చేసికోవచ్చు, పూటలో పని ముగిసి సాయంత్రానికి చేతికి డబ్బు వస్తుంది. కొలిమి అక్కరలేదు, పొత్తు కూడ అక్కరలేదు.

ఆవిరి అయినది ఎక్కడికి పోయింది? ఇక్కడనే ఈ వృత్తిలోని విషాదమంతా ఉన్నది. పాదరసపు ఆవిరికి రంగు లేదు, వాసన లేదు. ద్రవరూపంలో ఉన్న పాదరసం పొరపాటున కడుపులోకి పోతే చాలవరకు అట్లాగే బయటకు పోతుంది. అదే ఆవిరి పీల్చితే నూటికి ఎనభై పాళ్లు ఊపిరితిత్తుల ద్వారా రక్తంలో కలుస్తుంది. అక్కడినుండి మెదడుకు, మూత్రపిండాలకు చేరుతుంది. మొదట చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, జ్ఞాపకం చెడుతుంది. వణికే చేతులతో ఉన్నవానిని త్రాగుబోతు అనుకొన్న ఊళ్లు లేకపోలేదు. ఎక్కువమంది ఉండను వంటయింటి పొయ్యిమీదనే కాలుస్తారు. దొంగలభయం వలన తలుపులు మూసి కాలుస్తారు. ప్రక్కన పిల్లలుంటారు. గర్భిణులుంటారు.

పైకి పోయిన ఆవిరి వానతో దిగి చెరువు బురదలో చేరుతుంది. బురదలోని సూక్ష్మజీవులు దానిని మిథైల్ పాదరసంగా మార్చుతాయి. ఇది మరింత ప్రమాదకరమైన రూపం. నాచునుండి పురుగుకు, పురుగునుండి చిన్న చేపకు, చిన్న చేపనుండి పెద్ద చేపకు ఎక్కినకొద్దీ దీని పాళ్లు పెరుగుతాయి. జపానులో మినమాటా అఖాతం చేపలు తిన్న బెస్తకుటుంబాలలో 1956లో బయటపడిన భయంకర నరాలవ్యాధికి కారణమిదే. అక్కడి పాదరసం ఒక రసాయన కార్ఖానా వదలినది, బంగారపు పనివారిది కాదు. కాని చేపకు ఆ తేడా తెలియదు. 2015వ సంవత్సరపు లెక్కలనుబట్టి మానవుడు గాలిలోకి వదలుతున్న పాదరసంలో నూటికి 38 పాళ్లు, అనగా 838 టన్నులు, చిన్న బంగారు గనులనుండి వచ్చినవే. బొగ్గు విద్యుత్కేంద్రాలన్నిటికంటె ఇది ఎక్కువ.

పాదరసం లేకుండనే ముప్పు వచ్చిన చోటు కూడ ఒకటున్నది. నైజీరియాలోని జంఫారా రాష్ట్రంలో బంగారపు రాతిలో సీసం కలిసి ఉన్నది. ఆ రాతిని ఇండ్లలో పిండిమరలతో విసిరారు. 2010లో ఆ దుమ్ము నేలమీద ప్రాకే పిల్లల కడుపులలోకి పోయి నాలుగువందలమందికి పైగా చనిపోయారు.

మరి ఉపాయాలు లేవా? ఉన్నవి, అవి ఖరీదైనవి కూడ కావు. మొదటిది బట్టీ మూత. రసమిశ్రమాన్ని మూతగల ఇనుప పాత్రలో పెట్టి కాల్చి, దాని గొట్టాన్ని నీటిలోనికి దింపితే, సారాయి వండినట్లుగానే ఆవిరి చల్లబడి పాదరసం నూటికి తొంభై పాళ్లకు పైగా తిరిగి వస్తుంది. మనిషికీ మేలు, పాదరసం ఖర్చు కూడ తగ్గుతుంది. రెండవది మన కంసాలివారందరికీ తెలిసిన వెలిగారం. నల్లరజనుతో వెలిగారం కలిపి మూసలో కరగిస్తే వెలిగారం సుమారు 740 డిగ్రీల వద్దనే కరిగి, ఇనుప ఖనిజాలను తనలో కలుపుకొని గాజువంటి చిట్టెమవుతుంది. బరువైన బంగారం అడుగుకు దిగి పూసయై కూర్చుంటుంది. పాదరసం ఊసే లేదు. ఫిలిప్పీన్సు దీవులలోని బెంగెట్ కొండలవారు ఎవరో చెప్పగా గాక తమంతట తామే ఈ పద్ధతిని పట్టుకొని ముప్పై ఏండ్లకు పైబడి వాడుతున్నారు. పాదరసంతో వచ్చినదానికంటె తమకు ఎక్కువే బంగారం దక్కుతున్నదని వారి అనుభవం. అయితే ముందుగా రజనును బాగుగా కడిగి చిక్కబరచాలి. ఆ ఓర్పు, కొంచెం కొలిమి నేర్పు కావలె. నేర్పేవాడు ఊరికి రావాలంటే ఆ ఊరి పని చాటుమాటుది కాకూడదు. శాస్త్రం ఇక్కడ ఆగి, చట్టం కోసం ఎదురుచూడవలసి వస్తుంది.

ఉరిగాం రైతులు

తెలుగు, కన్నడ, తమిళ నేలలు కలిసే కోలారు ప్రాంతంలో ఈ వ్యవహారం ఎట్లా నడిచినదో చూస్తే చాల సంగతులు బోధపడతాయి. 1799లో టిప్పు సుల్తాను పతనం తరువాత మైసూరు తూర్పు సరిహద్దును కొలిచే పనిమీద వచ్చిన లెఫ్టినెంట్ జాన్ వారెన్ అక్కడి బంగారాన్ని గూర్చి వదంతులు విని, చూపినవారికి బహుమానమిస్తానని 1802లో చాటించాడు. ఉరిగాం ఊరివారు బండిలో మన్ను తోలుకొనివచ్చి ఆయన ఎదుటనే కడిగి బంగారు నలుసులు చూపారు. ఆ చుట్టుప్రక్కల పురుషులు గోతులలోనికి దిగి రాయి త్రవ్వడం, గంపలు చేతులు మారుతూ పైకి రావడం, స్త్రీలు ఆ రాతిని దంచి కడగడం ఆయన చూచాడు. అది ఆ ఊళ్లకు తరతరాల విద్య.

ఆ తరువాత అర్ధశతాబ్దం పలువురు ప్రయత్నించారు. పాత గోతులు కూలి ప్రాణాలు పోయినవి. 1859లో భూమిలోనికి దిగి త్రవ్వడాన్ని ప్రభుత్వం నిషేధించినది. ప్రాణరక్షణకు చేసినదే, తప్పుపట్టలేము. కాని గోతికి దన్ను కట్టుకొనడం నేర్పే ఏర్పాటేదీ ఆ నిషేధం వెంట రాలేదు. అనుమతి మళ్లీ 1873లో వచ్చినది. అది ఉరిగాం రైతులకు రాలేదు. లావెల్ అనే మాజీ సైనికునికి గుత్తగా వచ్చినది. ఆయనకు కూడ పెట్టుబడి చాలక హక్కులు చేతులు మారి, 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ అనే లండను కంపెనీ రంగంలోకి దిగినది. పిమ్మటి 120 ఏండ్ల చరిత్ర అందరికీ తెలిసినదే. మూడు కిలోమీటర్లకు పైగా లోతు, సుమారు 800 టన్నుల బంగారం, చిత్తూరు నుండి, తమిళ జిల్లాలనుండి తరలివచ్చిన వేలాది కూలీలు. ఆ కంపెనీలు కూడ మొదట రాతిని దంచి పాదరసం పూసిన రాగి రేకులమీద పారించినవే. తరువాత సయనైడు పద్ధతికి మారినవి. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతబడినవి. సయనైడు పారించిన వ్యర్థపు మట్టి కొండలై ఊరి నడుమ మిగిలినది. 2020 మే నెలలో మారికుప్పం వద్ద మూసిన గనిలోనికి రాత్రివేళ దిగిన మనుషులలో ముగ్గురు ఊపిరాడక మరణించారు. నిషేధం, పెద్ద కంపెనీ, మూసివేత అన్నీ గడిచిన తరువాత కూడ గోతిలోకి దిగేవాడు దిగుతూనే ఉన్నాడు. 1859లో ఉన్న రక్షణకంటె అతనికి ఎక్కువ రక్షణ లేదు.

అనుమతి చీటీ, అమ్మకపు ధర

పశ్చిమాఫ్రికాలోని ఘానా దేశపు అనుభవం మరొకవిధమైనది. వలసపాలనలో 1932లో వచ్చిన చట్టం స్థానికులు పాదరసం వాడరాదన్నది. పని ఆగలేదు, చాటుకు పోయినది. 1989లో ప్రభుత్వం తిరుగుదారి పట్టి మూడు చట్టాలు చేసినది. 25 ఎకరాలకు మించని తునకలను దేశస్థులకే అనుమతి చీటీపై ఇవ్వడం, పాదరసాన్ని లెక్కప్రకారం కొనుక్కొనే వీలు కలిగించడం, బంగారాన్ని ప్రభుత్వ సంస్థ కొనడం వాటి సారాంశం. ఇది మంచి ప్రారంభమే. కాని చీటీ కావలసినవాడు కార్యాలయాల చుట్టూ నెలల తరబడి తిరుగవలె, ఖర్చులు భరించవలె. మంచి నేలలు అప్పటికే పెద్ద కంపెనీల పట్టాలలో ఉన్నవి. మిగిలిన తునకలో బంగారం ఉన్నదో లేదో చెప్పేవారు లేరు. పెద్ద కంపెనీకి తన భూవిజ్ఞానవేత్త ఉంటాడు. చిన్నవాడు గుడ్డిగా పది చోట్ల త్రవ్వుతాడు, తొమ్మిది గోతులు వదలిపోతాడు. అడవి, పంటనేల పాడుచేశాడని అతనిపై నేరం మోపుతారు. ప్రభుత్వ సర్వే శాఖవారు ముందుగా ఆ తునకను పరీక్షించి చూపితే ఆ తొమ్మిది గోతులు తగ్గుతాయి. ఈ ఒక్క సాయం వేయి హెచ్చరికలకంటె మేలు. చివరకు చీటీ లేనివారే ఎక్కువైపోయి, నదులు బురదబారి, 2017లో ఘానా ప్రభుత్వం చీటీ ఉన్నవారిని కూడ కలిపి చిన్న గనులన్నిటినీ ఆపివేసినది. 2018 డిసెంబరులో ఆ నిషేధాన్ని ఎత్తివేయవలసివచ్చినది.

ధర మాట ఇంకా ముఖ్యం. చిన్న గనివానికి పెట్టుబడి ఇచ్చేది, పాదరసం తెచ్చిపెట్టేది, బంగారం కొనేది తరచుగా ఒక్కడే వ్యాపారి. అప్పున్నవానికి బేరమాడే నోరు ఉండదు. ఫిలిప్పీన్సులో 1991 చట్టం చిన్న గనుల బంగారమంతా దేశపు కేంద్రబ్యాంకుకే అమ్మాలని, బ్యాంకు అంతర్జాతీయ ధరకే కొనాలని ఏర్పాటు చేసినది. ఏండ్ల తరబడి ఇది చక్కగా సాగినది. 2011లో పన్నుల శాఖ ఆ అమ్మకంపై రెండు శాతం సుంకం, అయిదు శాతం ఆదాయపు పన్ను పట్టుకొనడం మొదలుపెట్టినది. ఏడు శాతమే కదా అనిపిస్తుంది. బ్యాంకుకు వచ్చే బంగారం నూటికి తొంభై పాళ్లకు పైగా పడిపోయినది! గనులు మూతబడలేదు, బంగారం దొంగదారిని విదేశాలకు పోయినది. పన్నూ రాలేదు, బంగారమూ రాలేదు. 2019లో మరొక చట్టం చేసి, పేరు నమోదు చేసికొన్న చిన్న గనులవారికి ఆ పన్నులు తీసివేశారు.

బంగారం గుట్టుగా కదలగల సరుకని మన దేశం కూడ ఒకసారి కష్టపడి నేర్చుకొన్నది. 1963 జనవరిలో వచ్చిన బంగారు నియంత్రణ నిబంధనలు కొత్త నగలు 14 కారెట్లకు మించరాదన్నవి. 1968లో చట్టమే వచ్చినది. ఊరూర కంసాలి కొలుములు ఆరిపోయినవి, దొంగరవాణా పెరిగినది. 1990లో ఆ చట్టాన్ని రద్దుచేశారు.

జొన్నగిరి పొలాలు

తెలుగునాట నేడు నదీగర్భంలో బంగారం కడిగేవారు అరుదు. జార్ఖండ్‌లో సువర్ణరేఖ ఒడ్డున, ఛత్తీస్‌గఢ్‌లో మహానది, ఈబ్ నదుల వెంట సోన్‌ఝరా జాతివారు ఇప్పటికీ కొయ్య పళ్లాలతో కడుగుతున్నారు. కాని ఇదే సమస్యను మరొక రూపంలో చూడాలంటే జొన్నగిరికి పోవాలి. దగ్గరలో ఎర్రగుడి అశోక శాసనమున్నది. ఆ శాసనాలలో పేర్కొన్న సువర్ణగిరి ఈ జొన్నగిరియే అని కొందరు పండితుల అభిప్రాయం. పూర్వులు త్రవ్విన బంగారపు గోతులు ఇక్కడ ఉన్నవి. 2013లో ఒక ప్రైవేటు కంపెనీకి బంగారం త్రవ్వుకొనే గుత్త వచ్చినది. అదే నేలలో తొలకరి వాన పడగానే జొన్నగిరి, తుగ్గలి, పెరవలి పొలాలలో వందలాది జనం నేలచూపులు చూస్తూ నడుస్తారు. వాన ఎర్రమట్టిని కడిగితే మెరిసే వజ్రం కోసం! పొరుగు జిల్లాలనుండి వచ్చి చెట్లక్రింద, గుడి అరుగులమీద నిద్రించేవారున్నారు. వాన చేసే పనీ జలగడుగువాని పనే. పళ్లెం మాత్రం చేనంత పెద్దది.

దొరికినవాడు ఏమి చేస్తాడు? చుట్టుప్రక్కల పట్టణాల వ్యాపారికి రహస్యంగా అమ్ముతాడు. రాయి విలువ ఎంతో కట్టి చెప్పే ప్రభుత్వ కేంద్రం లేదు. వ్యాపారి చెప్పినదే ధర. బయటికి చెప్పుకొంటే చిక్కు, ఏలయన చట్టం ఈ పనిని ఎరుగదు. 1957 నాటి గనులు, ఖనిజాల చట్టం ప్రకారం అనుమతి లేకుండ ఖనిజం వెదకడం, త్రవ్వడం, తరలించడం నేరం. 2015 సవరణ తరువాత శిక్ష ఐదేండ్ల జైలు వరకు, హెక్టారుకు ఐదు లక్షల రూపాయల జరిమానా వరకు పెరిగినది. ఆ సవరణతోనే బంగారపు గుత్తలు వేలంపాటలో ఇచ్చే విధానం వచ్చినది. వేలంలో పాడగలిగినది కంపెనీ ఒక్కటే. పళ్లెం పట్టుకొన్నవానికి, పొలంలో నడిచేవానికి సరిపోయే చిన్న చీటీ ఆ చట్టంలో ఏ పుటలోనూ లేదు.

చిన్నవారికి చోటిచ్చిన ఏర్పాట్లు మన దగ్గర బొత్తిగా లేవనరాదు. 1997లో సుప్రీంకోర్టు సమతా కేసు తీర్పులో, అప్పటి ఆంధ్రప్రదేశ్ ఏజెన్సీ ప్రాంతాలలో గిరిజనేతరులకు గనుల గుత్తలు చెల్లవని, గిరిజనుల సహకార సంఘాలకు ఇవ్వవచ్చునని చెప్పినది. 1996 నాటి పీసా చట్టం చిన్నతరహా ఖనిజాలపై ఏజెన్సీ గ్రామసభల, పంచాయతీల సిఫారసు తప్పనిసరి చేసినది. వీటి బలంమీద దిగువ గోదావరి ఒడ్డున ఏజెన్సీ పల్లెలలో గిరిజన సహకార సంఘాలకు ఇసుక రేవులు దక్కినవి. సంఘం పేరు గిరిజనులదై, లారీలు, యంత్రాలు, లాభం గుత్తేదారువైన చోట్లున్నవి. పెట్టుబడి ఎవరిదో పెత్తనం వారిదే అవుతుంది. చీటీతోబాటు అప్పు కూడ అందించవలెననడానికి ఘానాదాకా పోనక్కరలేదు.

మినమాటా పేరుతో 2013లో కుదిరిన అంతర్జాతీయ ఒడంబడిక 2017 ఆగస్టు 16న అమలులోకి వచ్చినది. మన దేశం 2018 జూన్‌లో దానిని ధ్రువీకరించినది. అందులో చిన్న బంగారు గనులకొక ప్రత్యేక అధికరణం ఉన్నది. పాదరసాన్ని ఒక్కసారిగా నిషేధించమని అది అనలేదు. రాతినంతటినీ పాదరసంతో మర్దించడం, రసమిశ్రమాన్ని బహిరంగంగా కాల్చడం, నివాసాల నడుమ కాల్చడం, పాదరసం కలిసిన మట్టిలో సయనైడు పోయడం అనే నాలుగు పనులను ముందుగా మాన్పించమన్నది. ఈ పని గణనీయంగా సాగుతున్న దేశాలు ఒక ప్రణాళిక తయారుచేయాలని, అందులో చిన్న గనులకు చట్టరీత్యా గుర్తింపునిచ్చే మార్గం కూడ ఉండాలని విధించినది. ఆరోగ్యానికి సంబంధించిన ఒడంబడికలో హక్కుపత్రాల ప్రస్తావన ఎందుకు వచ్చినదో, తలుపులు మూసిన వంటయిల్లు తలచుకొంటే తెలుస్తుంది.

1957 చట్టంలో చిన్నతరహా ఖనిజాలకు నిబంధనలు చేసే అధికారం రాష్ట్రాలకున్నది. ఏ ఖనిజం చిన్నతరహాదో ప్రకటించే అధికారం కేంద్రానిది. అందుకు పార్లమెంటు అక్కరలేదు, గెజెట్ ప్రకటన చాలు. 2015 ఫిబ్రవరిలో అట్లాగే ఒక్క ప్రకటనతో పలుగురాయి, అభ్రకం మొదలగు 31 ఖనిజాలను ఆ జాబితాలో చేర్చారు. 2025 ఫిబ్రవరిలో మరొక ప్రకటనతో వాటిలో అభ్రకం, పలుగురాయి వంటి కొన్నిటిని మళ్లీ తీసివేశారు. బంగారం, వజ్రం ఆ జాబితాలో ఎన్నడూ లేవు.